మన రోడ్డుకు ఏ చక్రం? విజయనగరంలో ఎనిమిది నెలలు నడిపిన స్కేట్‌బోర్డు

గత ఏడాది దసరా సెలవులకు ముందు మా అమ్మాయి కోసం తెప్పించిన స్కేట్‌బోర్డు మా ఇంటికి వచ్చి ఎనిమిది నెలలయింది. ఇన్ని నెలల్లోనూ అది విజయనగరం దాటి వెళ్లింది రెండే రెండుసార్లు. మిగిలిన కాలమంతా కంటోన్మెంటులో మా వీధి సిమెంటు రోడ్డు మీద, అపార్ట్‌మెంటు కింద బళ్లు పెట్టుకునే చోట, ఆదివారాలు తెల్లవారుజామున ఖాళీగా ఉండే తారు రోడ్డు మీద నడిచింది. ఇటువంటి బోర్డును నున్నటి కాంక్రీటు పార్కులో నడిపి చూసి చెప్పేవారు చాలామందే ఉన్నారు గనుక, మన ఊరి రోడ్డు మీద అది ఎలా నడిచిందో చెప్పడానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

మా అమ్మాయికి పదమూడేళ్లు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్‌ను మొదటిసారి చేర్చినప్పుడు మహిళల స్ట్రీట్ విభాగంలో బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయి మొమిజి నిషియాకు, రజతం గెలిచిన బ్రెజిల్ అమ్మాయి రైస్సా లెయాల్‌కు కూడా అప్పటికి పదమూడేళ్లేనన్న సంగతి ఎక్కడో చదివి, తనకు పదమూడు నిండిన రోజునే ఆ కోరిక నా ముందు పెట్టింది. నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠాలు చెప్పేవాణ్ణి. నాకు ఆట తెలియదు గానీ నట్టు, బోల్టు, బేరింగు తెలుసు. అందువల్ల ఈ సమీక్షలో ఆట కంటే ఇనుము ఎక్కువ కనబడితే పాఠకులు మన్నించాలి.

ముందుగా ఊళ్లోని క్రీడా సామగ్రి దుకాణాల్లో వెతికాం. ఇక్కడ స్కేటింగ్ అనగానే బూట్ల కింద చక్రాలుండే రోలర్ స్కేట్లనే చూపిస్తారు. అందులో తప్పేమీ లేదు, ఆ ఆటలో ఈ ప్రాంతానికి మంచి పేరే ఉంది, విశాఖపట్నానికి చెందిన యామా అనూప్ కుమార్‌కు 2015లో రోలర్ స్కేటింగ్‌కే అర్జున పురస్కారం వచ్చింది. బోర్డు కావాలని చెబితే ఒక దుకాణంలో 1,400 రూపాయల రంగురంగుల బోర్డు ఒకటి తీసి ఇచ్చారు. దాని గురించి ఎక్కువ రాయవలసిన పని లేదు. చక్రాలను పట్టి ఉంచే భాగం ప్లాస్టిక్‌ది, చక్రాన్ని వేలితో తిప్పితే ఒక చుట్టయినా పూర్తిగా తిరగకుండా ఆగిపోయేది, మూడో రోజున చెక్క మధ్యలో చీలింది. నేర్చుకునే పిల్లలకు చవక బోర్డు చాలునని పెద్దలు అనుకోవడం సహజమే గానీ, తిరగని చక్రం మీద నేర్చుకునేది పడిపోవడం ఒక్కటే.

తరువాత బెంగళూరు నుంచి అసలు బోర్డును తెప్పించాం. ఏడు పొరల మేపుల్ చెక్క, 8 అంగుళాల వెడల్పు, ట్రక్కులు అనే, చక్రాలను పట్టి ఉంచే అల్యూమినియం భాగాలు, 52 మిల్లీమీటర్ల వ్యాసం, 99ఏ గట్టిదనం గల పాలియురిథేన్ చక్రాలు, అన్నీ బిగించి సిద్ధంగా ఉన్న స్థితిలో 6,800 రూపాయలు. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అదే ధరలో దొరికే బోర్డులన్నిటి కొలతలూ ఇంచుమించు ఇవే గనుక, ఇక్కడ చెప్పే మాటలు వాటిలో చాలావాటికి వర్తిస్తాయి.

బోర్డు ఎక్కిన మొదటి సాయంత్రమే అసలు సమస్య అర్థమయింది. మా వీధి సిమెంటు రోడ్డును వేసేటప్పుడు బళ్లు జారకుండా ఉండాలని పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు గీశారు. కాలి నడకకు, స్కూటరుకు ఆ గీతలు ఉన్నట్టే తెలియవు. 99ఏ చక్రానికి మాత్రం ఒక్కొక్క గీతా ఒక్కొక్క మెట్టు. బోర్డు ఎక్కి పది గజాలు వెళ్లేసరికి అరికాళ్లు తిమ్మిరెక్కాయి, దవడలు అదిరాయి, ఇరవై గజాల దగ్గర శనగగింజంత నల్లచిప్స్ రాయి ఒకటి ముందు చక్రం కింద పడి బోర్డు ఉన్నపళాన ఆగిపోయింది, మా అమ్మాయి మాత్రం ఆగలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, బోర్డును తిరగేసి చూసి, "ఇదేటి బండి బాబూ, బ్రేకుల్లేవు, హేండిలు నేదు!" అన్నారు. ఆయన మాటకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

ఈ చక్రాల మీద కనిపించే ఏ అనే అక్షరం షోర్ ఏ అనే కొలబద్దను సూచిస్తుంది. రబ్బరు వంటి పదార్థాలలోకి ఒక సన్నని మొనను నిర్ణీత బలంతో నొక్కితే అది ఎంత తక్కువ దిగబడితే అంకె అంత ఎక్కువగా వస్తుంది. కారు టైరు రబ్బరు ఈ కొలతలో సుమారు 60 నుంచి 70 దాకా ఉంటుంది. 99ఏ అంటే ఆ కొలబద్ద చివరి అంచు. చేతితో నొక్కితే చెక్క బొంగరంలాగే ఉంటుంది. అంత గట్టి చక్రం నున్నటి నేల మీద ఒత్తిడికి చదును కాకుండా గుండ్రంగానే ఉంటుంది కాబట్టి శక్తి వృథా కాదు, వేగం నిలుస్తుంది, విన్యాసాలు చేసేటప్పుడు పక్కకు జారనిస్తుంది. గరుకు నేల మీద ఇదే గుణం దోషమవుతుంది. నేలలోని ఎగుడుదిగుడును చక్రం తనలో ఇముడ్చుకోలేక ఆ అదురునంతా చెక్కకు, చెక్క నుంచి మోకాళ్లకు పంపుతుంది. మెత్తని చక్రం అదే రాయి మీదికి వచ్చినప్పుడు రాయి దిగబడినంత మేర తాను లోపలికి నొక్కుకుని దాటిపోతుంది. చక్రం పెద్దదైన కొద్దీ రాయి దానికి చిన్నదవుతుంది. ఎడ్లబండి చక్రం అంత ఎత్తుగా ఎందుకుంటుందో తెలిసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఆట చరిత్రంతా ఒక విధంగా చక్రం చరిత్రే. 1950లలో కాలిఫోర్నియా తీరంలో, సముద్రంలో అలలు లేని రోజుల్లో నేల మీదే అలల స్వారీ చేయాలని చెక్కలకు రోలర్ స్కేట్ల చక్రాలు బిగించుకున్న కుర్రాళ్లతో ఇది మొదలయింది. 1960లలో వాడిన మట్టి మిశ్రమపు చక్రాలు చిన్న రాయి అడ్డం వచ్చినా ఆగిపోయి మనిషిని ముందుకు విసిరేసేవి. ఆ ప్రమాదాల వల్లనే ఆ ఆట ఒక దశలో దాదాపు మూలన పడింది. 1970ల ఆరంభంలో ఫ్రాంక్ నాస్వర్తీ అనే యువకుడు పాలియురిథేన్ చక్రాలను బోర్డుకు బిగించి చూసి, వాటిని కాడిలాక్ వీల్స్ పేరుతో అమ్మడం మొదలుపెట్టాక అది మళ్లీ లేచింది. అంటే రాళ్లున్న రోడ్డు మీద నిలబడగలిగే చక్రం దొరికాకే ఈ ఆట బతికింది. తరువాతి కాలంలో పార్కులు, నున్నటి ప్లాజాలు వచ్చాక చక్రాలు మళ్లీ చిన్నవీ గట్టివీ అయ్యాయి. మనకు ఆ పార్కులు రాలేదు, ఆ చక్రాలు మాత్రం పార్సిల్‌లో వచ్చాయి.

గట్టి చక్రంతో మరో ఇబ్బంది చప్పుడు. విజయనగరంలో ఆ ఇబ్బంది మిగిలిన ఊళ్ల కంటే ఎక్కువేమో. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా ఇక్కడ మొదలైన సంగీత పాఠశాల, తరువాత దానికి అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం ఈ ఊరికి ఒక అలవాటు నేర్పాయి: ఏ వీధిలోనైనా సాయంత్రం ఎవరో ఒకరు శ్రుతి చేసుకుంటూ ఉంటారు. మా పై అంతస్తులోనూ అటువంటి మేష్టారు ఒకరున్నారు. ఆయన కోప్పడే మనిషి కాదు. నాలుగో రోజున మెట్ల దగ్గర ఎదురై, "నేను శ్రుతి పెట్టుకునే వేళకే మీ రోడ్డురోలరు బయల్దేరుతోందండీ, ఏదో ఒకటి కలవదా అని చూస్తున్నాను" అన్నారు. గీతలు గీసిన సిమెంటు మీద 99ఏ చక్రాలు నాలుగూ కలిసి చేసే శబ్దం నిజంగానే పిండిమరకు తక్కువగా ఉండదు.

అందువల్ల రెండో వారంలోనే 2,200 రూపాయలు పెట్టి 56 మిల్లీమీటర్ల వ్యాసం, 78ఏ గట్టిదనం గల మెత్తని చక్రాలు తెప్పించాం. తేడా వెంటనే తెలిసింది. చీపురు గీతలు కాళ్లకు తెలియడం మానేశాయి, చిప్స్ రాళ్ల మీద బోర్డు తడబడింది గానీ ఆగలేదు, మేష్టారు శ్రుతి పెట్టుకున్నారు. తారు రోడ్డు మీద కూడా, కొత్తగా వేసిన చోట, హాయిగా నడుస్తుంది. కంకర తేలిన పాత తారు మీద మాత్రం ఏ చక్రమూ పనిచేయదు, అక్కడ బోర్డును చంకన పెట్టుకుని నడవడమే మర్యాద. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు వెళ్లే బజారు వీధుల్లో ఎటువంటి చక్రంతోనైనా దీన్ని నడపాలని ఎవరూ అనుకోకూడదు. అక్కడ సమస్య రోడ్డు కాదు, ఆటోలు.

పెద్ద చక్రం బిగించినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మలుపులో బోర్డు ఒక పక్కకు వంగినప్పుడు చక్రం చెక్క అడుగు భాగానికి ఒరుసుకుంటే అది బ్రేకు వేసినట్టు బిగుసుకుపోతుంది. వీల్‌బైట్ అనే ఈ దెబ్బకు పడినవాడు ముఖం మీదే పడతాడు. దీన్ని తప్పించడానికి ట్రక్కుకు, చెక్కకు మధ్య 3 మిల్లీమీటర్ల రబ్బరు పలక పెట్టాలి. దాన్ని కూడా బెంగళూరు నుంచి తెప్పించడం అనవసరమనిపించి, చెప్పులు కుట్టే ఆయన దగ్గర గట్టి సోలు రబ్బరు ముక్కలు రెండు కోయించాను. బోర్డుతో వచ్చిన బోల్టులు అప్పుడు పొట్టివయ్యాయి. మన హార్డ్‌వేరు దుకాణాల్లో దొరికే 5 మిల్లీమీటర్ల మందం, 30 మిల్లీమీటర్ల పొడవు గల బల్లపరుపు తల బోల్టులు ఎనిమిది సరిగ్గా సరిపోయాయి. ఖర్చంతా కలిపి వంద రూపాయలు దాటలేదు.

ఇక బేరింగుల సంగతి. అమ్మేవారు వీటి గురించే ఎక్కువ గొప్ప చెప్పుకుంటారు, నా దృష్టిలో అతి తక్కువ పట్టించుకోవలసినవి ఇవే. పెట్టె మీద ఏబెక్ 9 అని పెద్ద అక్షరాలతో ఉంది. ఏబెక్ అంటే బేరింగు తయారీలో కొలతలు ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే శ్రేణి; అది ముఖ్యంగా అతివేగంగా తిరిగే యంత్రాల కోసం ఏర్పడింది. 52 మిల్లీమీటర్ల చక్రం చుట్టుకొలత సుమారు 163 మిల్లీమీటర్లు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో, అంటే ఒక మోస్తరు సైకిలు వేగంతో వెళ్లినా చక్రం నిమిషానికి దాదాపు 1,530 చుట్లు తిరుగుతుంది. ఇంట్లో మిక్సీ మోటారు ఇంతకు ఎన్నో రెట్ల వేగంతో తిరుగుతుంది. ఆ లెక్కన చూస్తే ఏబెక్ 9 కోసం అదనంగా చెల్లించే డబ్బు, గోదాములో ఉన్న బియ్యాన్ని బంగారు తూనికలో తూచినట్టే.

వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూస్తే స్కేట్‌బోర్డు బేరింగు లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. ఇది 608 అనే సంఖ్యతో ప్రపంచమంతా దొరికే మామూలు బేరింగు. చిన్న మోటార్లలో, చేతి గ్రైండర్లలో వాడేది ఇదే. వానాకాలంలో ఒకసారి బోర్డు తడిసి రెండు బేరింగులు తుప్పు పట్టినప్పుడు ఊళ్లోని బేరింగుల దుకాణానికి వెళ్లి 608 అడిగితే, ఏ యంత్రానికని అడగకుండానే ఎనిమిదింటిని కాగితంలో చుట్టి ఇచ్చారు. ఒక్కోటి 60 రూపాయలు. ఇందులోనూ రెండు రకాలున్నాయి. రెండు పక్కలా రేకు మూత ఉండే జడ్‌జడ్ రకం సాధారణంగా విప్పి శుభ్రం చేయడానికి వీలుపడదు. రబ్బరు మూత ఉండే ఆర్‌ఎస్ రకానికి ఆ మూతను సూదితో తేలిగ్గా లేపవచ్చు, మన దుమ్ముకు అదే తగినది. కొత్త బేరింగులో దట్టంగా ఉండే గ్రీజు వల్ల మొదట చక్రం మందకొడిగా తిరుగుతుంది. రబ్బరు మూతలు తీసి, కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది. పాత బేరింగుల మధ్య ఉండే చిన్న గొట్టాలను, నట్టు పక్కనుండే పల్చటి వాషర్లను మాత్రం పారేయకూడదు. అవి దుకాణపు బేరింగుతో రావు, అవి లేకుండా నట్టు బిగిస్తే చక్రం పట్టేస్తుంది.

ఊళ్లో దొరకని వస్తువు ఒకటుంది, దాని కథ సేవ గురించిన ఫిర్యాదుతో కలిసి ఉంది. పార్సిల్ వచ్చిన రోజున నాలుగు చక్రాల నట్లలో ఒకటి లేదు. అమ్మినవారికి ఫొటోతో సహా రాస్తే మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు, నాలుగో రోజున క్షమాపణ వచ్చింది, తొమ్మిదో రోజున నట్టు వచ్చింది. ఈలోగా నాకు తెలిసిన విద్యను ప్రయోగించబోయాను. ఇరుసు 8 మిల్లీమీటర్లలాగే కనిపిస్తుంది గనుక మామూలు ఎనిమిది నట్టు పడుతుందనుకున్నాను. అది నిజానికి అంగుళంలో పదహారింట అయిదు వంతులది, అంగుళానికి 24 మరలు కలది. ఒక మరకు మరొక మరకు మధ్య దూరం 1.06 మిల్లీమీటర్లు వస్తే మన ఎనిమిది నట్టుకు అది 1.25 ఉంటుంది. మొదటి ఒకటిన్నర చుట్టు నమ్మకంగా ఎక్కి తరువాత బిగుసుకుంటుంది. అక్కడ పానాతో బలవంతం చేసినవారి ఇరుసు మరలు పాడైపోతాయి. ఇన్నాళ్లుగా విద్యార్థులకు చెప్పే పాఠాన్ని నేనే మరిచిపోబోయి, చేతికి తగిలిన బిగువును బట్టి ఆగాను. కొనేవారు ఆర్డరుతో పాటే రెండు విడి నట్లు తెప్పించుకుంటే మంచిది. బిగించడానికి ప్రత్యేకమైన పనిముట్టు ఏదీ కొననక్కరలేదు. చక్రాల నట్టుకు 13, ట్రక్కు మధ్యనున్న పెద్ద నట్టుకు 14, బోర్డుతో వచ్చే చిన్న నట్లకు 10 పానా పడతాయి. ఏ స్కూటరు మెకానిక్ దగ్గరైనా ఈ మూడూ ఉంటాయి.

ట్రక్కుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అవి బాగున్నాయి. మలుపు తిప్పడానికి తోడ్పడే రబ్బరు బుష్‌లు పెద్దవారి బరువుకు తగ్గట్టు గట్టిగా ఉన్నాయి; 74 కిలోల నాకు సరిపోయిన బిగువు 38 కిలోల మా అమ్మాయికి బండరాయిలా అనిపించింది. ట్రక్కు మధ్యనున్న నట్టును ఒకటిన్నర చుట్టు వదులు చేశాక మలుపు తిరగడం వచ్చింది. అంతకు మించి వదులు చేస్తే నట్టు లోపలి నైలాన్ పట్టు తప్పి, నడుస్తుండగానే ఊడిపోవచ్చు.

చెక్క విషయంలో ఈ బోర్డుకు పూర్తి మార్కులు ఇస్తాను. చలి ప్రాంతాల్లో నెమ్మదిగా పెరిగే గట్టి మేపుల్ పలచని పొరలను ఏడింటిని, కొన్నిటి పేడు నిలువుగానూ కొన్నిటిది అడ్డంగానూ ఉండేలా అమర్చి జిగురుతో అదిమి చేస్తారు. ముందూ వెనకా పైకి లేచి, మధ్యలో కొద్దిగా పల్లంగా ఉండే ఆ ఆకారం వల్ల పాదానికి అంచు ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది. దానికి శత్రువు నీరు. మన కోస్తా గాలిలోని చెమ్మకే అంచుల పొరలు ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బుతాయి, వానలో తడిస్తే ఆ చెక్కకు ఉండే స్ప్రింగు గుణం పోతుంది. మా బోర్డు జూన్ తొలి వానకు ఒకసారి నానింది. ఆరబెట్టాం గానీ, తోకను, అంటే వెనక పైకి లేచిన కొసను, నేలకు కొట్టినప్పుడు ఇదివరకు వచ్చే టక్కుమనే శబ్దం ఇప్పుడు టబ్బుమని వస్తోంది. మద్దెల వాయించేవారికి ఎండకట్టిన చర్మానికీ చెమ్మెక్కిన చర్మానికీ ఉండే తేడా ఎలా వినబడుతుందో సరిగ్గా అలాగే. ఆ వాన ముందు రోజు దాకా మా అమ్మాయి వీధి గుమ్మంలోనే బోర్డును వదిలేసేది. ఇప్పుడు బీరువా పక్కన ఉంటోంది.

పైన అతికించిన గరుకు పొర ఎమెరీ పేపరు జాతిది, పట్టు అద్భుతంగా ఉంది, ఆ పట్టు బూట్లనూ తినేస్తుంది. బడికి వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు మూడు వారాల్లో చిటికెనవేలి దగ్గర చిల్లు పడ్డాయి. అడుగు చదునుగా ఉండి, పై భాగం గరుకు తోలుతో చేసిన బూట్లు ఎక్కువ కాలం వస్తాయి. పరుగు కోసం చేసిన, కింద దళసరి మెత్త ఉన్న బూట్లతో బోర్డు ఎక్కితే, పరుపు మీద నిలబడి తాడు మీద నడిచినట్టుంటుంది.

ఎనిమిది నెలల్లో ఆమె నేర్చుకున్నది ఏమిటంటే, తడబడకుండా వెళ్లడం, ఆగడం, మలుపు తిరగడం, ఆ తరువాత ఒక్క ఆలీ. చేతితో పట్టుకోకుండా బోర్డుతో సహా గాలిలోకి లేచే ఈ విన్యాసాన్ని 1970ల చివర ఫ్లోరిడాలో ఆలన్ గెల్‌ఫాండ్ అనే కుర్రాడు లోతైన గిన్నె ఆకారపు పార్కుల గోడల మీద చేశాడు. ఆలీ అతని ముద్దుపేరు. 1980ల తొలినాళ్లలో రాడ్నీ మల్లెన్ దాన్ని చదును నేల మీదికి తెచ్చాడు. వెనక కాలితో తోకను నేలకు కొట్టి, అదే క్షణంలో ఎగిరి, ముందు కాలి పక్కభాగంతో గరుకు పొర మీద పైకి రాస్తే, పైకి లేచిన ముక్కు సమమై బోర్డు పాదాలకు అంటుకున్నట్టు వస్తుంది. వినడానికి మూడు ముక్కలు, చేయడానికి అయిదు నెలలు. మా వీధిలోని పిల్లలకు ఆ పేరు వినగానే హాస్యనటుడు ఆలీ గుర్తుకు రావడం వల్ల, మా అమ్మాయి ఎగిరిన ప్రతిసారీ నలుగురు కుర్రాళ్లు ఆయన సినిమా నవ్వును అనుకరిస్తారు. నేను ఒకసారి బోర్డు ఎక్కి వెల్లకిలా పడిన దృశ్యాన్ని వీళ్లే ఫోనులో నెమ్మది చేసి, చివర బ్రహ్మానందం ముఖం అతికించి, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తెలుగువాడి అవమానానికి బ్రహ్మానందం ముఖం పడితే గానీ పూర్తి కాదన్నది ఇప్పుడు శాస్త్రం. మేష్టారు కూడా నవ్వు బొమ్మ పెట్టారు.

ఆ పడటం వల్ల నా మణికట్టు పది రోజులు వాచింది. వెనక్కి పడేటప్పుడు అరచేతిని నేలకు ఆనించడం మనిషికి సహజం, మణికట్టు విరిగేది కూడా ఆ సహజబుద్ధి వల్లనే. ముంజేతి మీద దొర్లడం నేర్చుకోవాలి. బోర్డు ఖరీదులో హెల్మెట్, మణికట్టు పట్టీలు, మోకాలి తొడుగులు కలపకుండా లెక్క వేయకూడదు. మాకు వాటికి మరో 2,400 అయింది. మోటారుసైకిలు హెల్మెట్ బరువుగా ఉండి మెడను లాగుతుంది కాబట్టి సైకిలు, స్కేటింగ్ కోసం చేసినదే కొనాలి. ఈ విషయంలో మా అమ్మ అభిప్రాయం మొదటి నుంచీ వేరు. "ఆడపిల్లకి కాలో చెయ్యో ఇరిగితే ఏటి సేస్తావురా?" అని నన్ను, బోర్డును కలిపి తిట్టేది. పైడితల్లమ్మ పండుగలో ఊరేగే పొడవాటి సిరిమాను చివర కూర్చున్న పూజారి గారికి లేని భయం నాకెందుకు మామ్మా అని మనవరాలు అడిగితే, "ఆయన్ని పైడితల్లమ్మ సూసుకుంటాది, నిన్నెవులు సూస్తారే?" అంది. హెల్మెట్ బకిలు సరిగా పెట్టుకుందో లేదో చూసే బాధ్యతను ఆ రోజు నుంచి మామ్మే తీసుకుంది.

విశాఖపట్నం బీచ్ రోడ్డుకు రెండుసార్లు తీసుకువెళ్లినప్పుడు, ఉదయం వాహనాలు లేని వేళ, పక్కన పెట్టిన గట్టి చక్రాలను మళ్లీ బిగించి చూశాం. అక్కడి నున్నటి నేల మీద అదే 99ఏ చక్రం ఎంత తియ్యగా నడిచిందో చెప్పడానికి మాటలు చాలవు. ఒక్కసారి నేలను తన్నితే వెళ్లిన దూరం మా వీధిలో నాలుగు తన్నులకు రాదు. ఆలీ కూడా మెత్తని చక్రాల కంటే తేలిగ్గా లేచింది, ఎందుకంటే చిన్న చక్రం బరువు తక్కువ, మెత్తని రబ్బరు పీల్చుకునే ఊపు దీనికి మిగులుతుంది. తయారీదారుకు న్యాయంగా ఈ మాట చెప్పాలి: చక్రం చెడ్డది కాదు, అది పుట్టింది ఆ నేల కోసం. సముద్రపు ఇసుక, ఉప్పు గాలి బేరింగులకు పడవు గనుక ఇంటికి రాగానే కడిగి నూనె వేయాలి.

పార్కు లేకపోతే ఈ ఆట ఎందుకని కొందరు అడిగారు. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో జన్వార్ అనే చిన్న పల్లెలో 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ ఒక స్కేట్ పార్కు కట్టించారు. అక్కడ పెట్టిన ముఖ్య నియమాలు రెండు: బడికి వెళ్లని వారికి బోర్డు లేదు, ముందు వంతు ఆడపిల్లలది. విజయనగరం పల్లె కూడా కాదు, జిల్లా కేంద్రం. ఆటలకు ఇంత పేరున్న ఊళ్లో ఒక టెన్నిస్ కోర్టంత నున్నటి కాంక్రీటు పోసి నాలుగు ఏటవాలు గట్లు కడితే పెద్ద ఖర్చేమీ కాదని నా అభిప్రాయం, ప్రస్తుతానికి మాత్రం మాకు ఉన్నది అపార్ట్‌మెంటు కింద పన్నెండు గజాల టైల్స్ నేల, అదీ కార్లు ఆఫీసుకు వెళ్లాకే.

కొనదలచినవారికి నా సలహా ఒక్కటే. అన్నీ బిగించిన 52 మిల్లీమీటర్ల, 99ఏ బోర్డును నేరుగా తీసుకోకుండా, మొదటి రోజు నుంచే 54 నుంచి 56 మిల్లీమీటర్ల మెత్తని చక్రాలతో పంపమని అడగండి; కొన్ని సంస్థలు ధరలో చిన్న తేడాతో మార్చి ఇస్తాయి. మేము అడగలేదు, అందుకే రెండుసార్లు డబ్బు పెట్టాం. పదేళ్ల లోపు పిల్లలకు 8 అంగుళాలు ఎక్కువ, ఏడున్నర చాలు. బొమ్మల దుకాణంలోని 1,400 రూపాయల బోర్డు ఏ వయసు వారికీ వద్దు.

పోయిన వారం తోక అంచు నేలకు కొట్టీ కొట్టీ కత్తిపీట అంచులా పలచబడిందని గమనించాం. బోర్డు మొత్తం మార్చనక్కరలేదు. చెక్క ఒక్కటే 2,600 రూపాయలకు వస్తుంది, ట్రక్కులు, చక్రాలు, బేరింగుల దుకాణం వారి 608లు అన్నీ అలాగే దానికి ఎక్కుతాయి. ఈసారి 8.25 అంగుళాలది కావాలని అమ్మాయి పట్టుబట్టింది. ఆర్డరుతో పాటు రెండు విడి నట్లు కూడా రాయించాను. బిగించే పని తనదేనట, నేను 10, 13, 14 పానాలు అందించాలట.